తెల్లచీర దాచుకుంటే సరిపోతుందా?

మన ఆడవాళ్లకి దేనికైనా ముందుగా సర్దుకోవడం అలవాటు. మామిడికాయ బజారుకి రాకముందే ఆవకాయకి కారం కొట్టించి పెట్టుకుంటాం. గ్యాసు బండ బరువు తగ్గిందనిపిస్తే చాలు, రెండోది బుక్ చేసేస్తాం. ఆడపిల్ల పుట్టిన మర్నాటినుంచే దాని పెళ్లికి గిన్నెలు పోగేస్తాం. తిరుపతి వెళ్లినా, వేళాంగణి వెళ్లినా ముందురోజు రాత్రే పులిహోర కలిపి, మందుల డబ్బా, దుప్పట్లు సంచిలో పెట్టి, తాళాలు రెండుసార్లు లాగి చూసుకుని గాని గడప దాటం. అలాంటి మనమే ఒక్క ప్రయాణం మాట ఎత్తేసరికి, "దీపాలు పెట్టేవేళ ఆ మాటలెందుకండీ!" అని ముఖం తిప్పేసుకుంటాం. తక్కిన ప్రయాణాలైతే వాయిదా పడతాయి, రద్దవుతాయి. తప్పకుండా జరిగేది అదొక్కటే. విచిత్రమేమంటే సామాను సర్దుకోనిదీ దానికే.

ఆ మాట నోట రాకుండా ఉండడానికి మనం ఎన్ని మాటలు కనిపెట్టుకున్నామో చూడండి. పోయారంటాం, కాలం చేశారంటాం, పరమపదించారంటాం. మా క్రైస్తవుల ఇళ్లలోనైతే "ప్రభువునందు నిద్రించారు" అంటారు. ఈమధ్య ఉప్పల్ రింగురోడ్డు చుట్టుపక్కల కట్టే ఫ్లెక్సీల మీద "మహిమ ప్రవేశం" అని పెద్ద అక్షరాలతో వేయిస్తున్నారు. నిద్ర అన్న మాట మాత్రం నిన్న మొన్న పుట్టింది కాదు. ఇంగ్లీషులో శ్మశానాన్ని సిమెట్రీ అంటారే, దానికి మూలమైన గ్రీకు మాటకి అర్థం పడుకునే చోటు అనే. తొలినాటి క్రైస్తవులు తమవాళ్లని పాతిపెట్టిన స్థలాన్ని పడకగది అనుకున్నారన్నమాట. లేపేవాడొకడున్నాడని నమ్మకం ఉన్నవాళ్లకే అలాంటి పేరు తడుతుంది.

పేరు బాగానే ఉంది. మరి పడుకోబోయే ముందు చేసుకోవలసిన పనులేమిటి? మావాళ్లు దాన్ని "సిద్ధపాటు" అంటారు. చిన్నప్పటినుంచి ప్రతి ఆదివారం వింటున్నా, అదంటే ఏమిటో నాకు కాస్త అర్థమైంది మా అత్తగారి పుణ్యాన.

మా అత్తగారు నాచారంలో ఉండేవారు. మామగారు డెబ్బైల్లో గుంటూరు జిల్లానుంచి వచ్చి నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో కుదురుకున్నారు. ఆవిడ చివరిదాకా ఆ రెండు గదుల ఇల్లు వదలనన్నారు. ఆవిడ మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. కోడళ్లెవరూ దాన్ని ముట్టుకోకూడదు. నగలున్నాయేమోనని మా తోటికోడలికి అనుమానం, పత్రాలున్నాయేమోనని మా ఆయనకి. ఒకనాడు ఆవిడే తీసి చూపించారు. అందులో ఉన్నది ఒక తెల్లచీర, పెట్టె చేయించడానికి డబ్బు, ఏ పాట తరవాత ఏ పాట పాడాలో రాసిన కాగితం. అంతే!

"ఎవరి దగ్గరా చెయ్యి చాచకూడదమ్మా. నా పెట్టెకి నా డబ్బే. పాటలు మాత్రం మీ నోటితో పాడాలి, ఆ మైకుల వాళ్లని పిలవకండి" అన్నారు, ఉగాదికి ఏం వండాలో చెప్పినంత తేలిగ్గా. ఆ కాగితంలో పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలే ఎక్కువ. ఆయన 1803లో పుట్టి 1890లో పోయారు. ఇన్నేళ్లయినా తెలుగు క్రైస్తవుల ఇంట పెళ్లయినా చావైనా ఆయన పాట లేకుండా గడవదు.

ఆ చీర చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మా తోటికోడలు మాత్రం, "ఇంత ముందుచూపా అత్తయ్యా!" అని నవ్వేసింది. ఆలోచిస్తే ఇద్దరం పొరపడలేదు. అందులో కన్నీళ్లు పెట్టించేదీ ఉంది, నవ్వించేదీ ఉంది. అయితే చీర, డబ్బు, పాటలు మన వెనక ఉండిపోయేవాళ్ల సౌకర్యం కోసం. వెళ్లేవాళ్లు తమకోసం సర్దుకోవలసింది ఏమిటన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఈ ప్రశ్న మీద యూరప్‌లో ఒకప్పుడు పుస్తకాలకి పుస్తకాలే వచ్చాయి. 14వ శతాబ్దం నడుమ మహామారి ప్లేగు వచ్చి ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసే గురువులు కూడా పోయారు. ఆ తరవాత 15వ శతాబ్దంలో పేరు తెలియని ఒకాయన లాటిన్‌లో చిన్న పుస్తకం రాశాడు, "ఆర్స్ మోరియెండి" అని. చక్కగా చనిపోయే విద్య అని అర్థం. చదువు రానివాళ్లకోసం చెక్క అచ్చులతో 11 బొమ్మలు వేసి కూడా దాన్ని ముద్రించారు. చివరి ఘడియల్లో మనిషికి 5 శోధనలు వస్తాయంటుందది: నమ్మకం సడలడం, నిరాశ, ఓర్పు నశించడం, నా అంత పుణ్యాత్ముడు లేడన్న గర్వం, ఆస్తిమీద మనుషులమీద వదలలేని ఆశ.

ఈ జాబితా చదివి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఆరువందల ఏళ్లనాటి జర్మనీలోనో ఫ్రాన్సులోనో ఒక మంచం చుట్టూ మూగిన ఆ ఐదు దయ్యాలూ మన వంటింట్లో రోజూ తిరుగుతున్నవే కదా! నీళ్ల ట్యాంకరు రాకపోతే నశించేది ఆ ఓర్పే. "ఈ ఇల్లు ఇలా ఉందంటే నావల్లే" అన్నది ఆ గర్వమే. కోడలి చేతికి బీరువా తాళం ఇవ్వలేకపోవడం ఆ ఆశే. చివరిరోజున కొత్తగా వచ్చే శత్రువు ఒక్కడూ లేడు. అంతా పాత పరిచయస్తులే. 1651లో జెరెమీ టేలర్ అనే ఇంగ్లీషు గురువు ఇదే విషయంమీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆ ఏడే ఆయన భార్య పోయింది. మంచం పట్టాక నేర్చుకునే విద్య కాదిది, ఆరోగ్యంగా ఉన్నప్పుడు రోజూ సాధన చెయ్యవలసిందని ఆయన వాదన. పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం తీసే పిల్లల్ని కన్న మనకి ఆ మాట వేరే చెప్పాలా?

ఇక్కడ మీకొక సందేహం రావాలి. నాకైతే వచ్చింది. క్రైస్తవ విశ్వాసంలో రక్షణ అనేది సంపాదించుకునేది కాదు, దేవుడు ఊరికే ఇచ్చేది. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ ఏ సిద్ధపాటూ లేకుండానే, చివరి గంటలో అడిగిన ఒక్క మాటతో పరదైసుకి వెళ్లాడని సువార్త చెబుతుంది. మరైతే జీవితమంతా ఈ సాధన ఎందుకు? అదే సువార్తల్లో పదిమంది కన్యకల కథ కూడా ఉంది. పెళ్లికొడుకు ఆలస్యమయ్యాడు. అందరూ కునుకు తీశారు. సిద్దెల్లో నూనె తెచ్చుకున్న ఐదుగురే లోపలికి వెళ్లారు. తక్కిన ఐదుగురూ అప్పు అడిగితే దొరకలేదు. చిన్నప్పుడు ఆ కథ వింటే నాకు బుద్ధిగల కన్యకల మీద ఒళ్లు మండేది. పక్కింటావిడ కప్పుడు పంచదార అడిగితే లేదనని ఇళ్లలో పెరిగినదాన్ని మరి!

ఇప్పుడు ఇంకోలా అనిపిస్తోంది. పంచదార అప్పివ్వచ్చు. ఓర్పు అప్పివ్వలేం. నేను ఎంత ప్రేమించినా నా పిల్ల బదులు నేను ఒకర్ని క్షమించలేను. ఆ నూనె ఎవరిది వాళ్లే కాచుకోవాలి. ఇక ఉచితం సంగతా? పెళ్లి భోజనం ఉచితమే. ఎవరూ టిక్కెట్టు కొని వెళ్లరు. అంతమాత్రాన ఇంట్లో చీర మార్చుకోకుండా పంక్తిలో కూర్చుంటామా? పిలుపు మన యోగ్యతని బట్టి రాకపోవచ్చు. పిలుపు అందుకున్నవాళ్లం ముస్తాబవడం ఆ పిలిచినవాడి మీద గౌరవం.

ఇంతకంటే ముడి గట్టిగా ఉన్న సందేహం మరొకటుంది. దాన్ని లేవనెత్తింది ఏ వేదాంతీ కాదు, మా చిన్నత్తయ్య, అంటే మా అత్తగారి తోటికోడలు.

మా మామగారూ ఆయన తమ్ముడూ నాలుగేళ్ల తేడాలో పోయారు. నగరంలో సమాధుల దొడ్లు నిండిపోయి, కొత్త గొయ్యికి చోటు దొరకడం గగనమైపోయింది. చాలా కుటుంబాల్లో పాత సమాధినే తెరిచి రెండోవాళ్లని అందులోనే ఉంచుతారు. అలా అన్నదమ్ములిద్దరికీ ఒకటే సమాధి అయింది. వాళ్ల భార్యలకి మాత్రం ఒక గొలుసు పంపకం దగ్గర మాటా మాటా పెరిగి పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఏటా నవంబరు 2న సమాధుల పండుగ వస్తుంది. సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ సమాధికి తలవైపు మా అత్తగారు, కాళ్లవైపు ఆవిడ. ఎవరి కొవ్వొత్తి వారిది, ఎవరి ప్రార్థన వారిది. పిల్లలం మధ్యలో నిలబడి ఎటు చూడాలో తెలియక అగ్గిపెట్టె వంక చూసేవాళ్లం.

మా అత్తగారికి గుండె జబ్బని డాక్టరు తేల్చిచెప్పిన వారం, నన్ను తోడు తీసుకుని ఆటోలో మల్లాపురంలో ఉన్న ఆవిడింటికి బయల్దేరారు. ఆవిడ తలుపు తీసి, మంచినీళ్లైనా ఇవ్వకుండా, "ఏం అక్కా, పోయేముందు లెక్క తేల్చుకోడానికి వచ్చావా? నీ పరలోకం కోసం నా క్షమాపణ కావలసి వచ్చిందా?" అన్నారు.

మాట కటువుగా ఉంది. ప్రశ్న మాత్రం అసలైనది. నా ఆత్మ బాగుకోసం నేను నిన్ను క్షమిస్తే, అందులో నువ్వెక్కడున్నావు? నువ్వు నా మూటలో సర్దుకునే ఒక వస్తువువేగా! మోక్షం కోసం చేసే దానం, స్వర్గం కోసం చూపే ప్రేమ వ్యాపారం కాదా? ఏ మతం వాళ్లయినా తప్పించుకోలేని ప్రశ్న ఇది.

మా అత్తగారు గడపమీదే కూలబడి, "అదేం కాదే. వాళ్లిద్దరూ ఒక్క గోతిలో సర్దుకున్నారు. మనం ఇంత ఊళ్లో సర్దుకోలేకపోయాం. రేపు అక్కడికెళ్లాక నిన్ను తప్పించుకోలేనుగా! ఇక్కడే కాస్త అలవాటు చేసుకుందామని వచ్చా" అన్నారు.

చిన్నత్తయ్యకి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. గొలుసు సంగతి ఆరోజు ఎవరూ ఎత్తలేదు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.

ఆ జవాబు నేను చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. పరలోకాన్ని ఒక బహుమతిగా అనుకుంటే క్షమాపణ దాని ధర అవుతుంది, బేరమే. కాని క్రైస్తవ విశ్వాసం చెప్పే పరలోకం విడి విడి గదుల లాడ్జింగు కాదు. అందరూ కలిసి కూర్చునే ఒక విందు. కలిసి ఉండడమే అక్కడి బ్రతుకైతే, ఇక్కడ కలిసి ఉండడం నేర్చుకోవడం ధర చెల్లించడం ఎలా అవుతుంది? పాట నేర్చుకోవడం కచేరీకి టిక్కెట్టు కాదు, కచేరీలో మొదటి భాగమే. పక్కవాళ్లని భరించలేనివాళ్లకి ఆ విందే శిక్షగా ఉంటుందేమో!

మూడో మాటా అంటారు కొందరు. పైలోకం ధ్యాసలో పడితే ఇక్కడి సంసారం గాలికి పోతుందని. బైబిల్లో హిజ్కియా అనే రాజు కథ ఉంది. జబ్బుపడ్డ రాజు దగ్గరికి యెషయా ప్రవక్త వచ్చి నీకు చావు తప్పదు, ముందు నీ ఇల్లు చక్కబెట్టుకో అన్నాడు. గమనించండి, ప్రవక్త చెప్పింది ఇల్లు సంగతే. (రాజు గోడవైపు తిరిగి ఏడిస్తే దేవుడు ఇంకో 15 ఏళ్లు ఇచ్చాడు, అది వేరే సంగతి.) ఇల్లు చక్కబెట్టడమంటే మనకి తెలియనిదా? బ్యాంకు ఖాతాలో నామినీ పేరు ఉందా, చిట్టీ ఎవరికి ఎంత కట్టాలి, పనిమనిషి తీసుకున్న అడ్వాన్సు వదిలేశానా, పెద్దపిల్ల దగ్గర దాచిన మాట చిన్నపిల్లకి చెప్పానా. ఇవన్నీ ఆధ్యాత్మికమే. ఇప్పుడు చట్టం కూడా కొంత కలిసొచ్చింది. బాగుపడే ఆశ లేని స్థితిలో యంత్రాలతో ఊపిరి సాగదీయవద్దని ముందే కాగితం రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018 మార్చిలో చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరించుకుంటే చాలంది. ఐ.సి.యు. తలుపు బయట కొడుకుల్ని నిలబెట్టి, "మీరే నిర్ణయించుకోండి" అని ఆ బరువు వాళ్ల నెత్తిన పెట్టకుండా ఉండడం కూడా ఒక ప్రేమే.

అన్నిటికంటే కష్టమైనది నిజం చెప్పడం. ఉప్పల్‌లో మా వీధి చివర ఒక పిన్నిగారుండేవారు. క్రైస్తవులు కారు. ఏటా మా ఇంటికి వినాయకచవితి ఉండ్రాళ్లు, వాళ్లింటికి మా క్రిస్మస్ కేకు. ఆవిడకి కడుపులో క్యాన్సరు. కొడుకులు అమ్మ తట్టుకోలేదని గ్యాస్ట్రిక్ అని చెప్పారు. ఇల్లంతా నాటకం. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నాకేమిటి జబ్బు?" అనడిగారు. "మీకేమనిపిస్తోంది పిన్నిగారూ?" అన్నాను. "నాకు తెలుసు. తెలిసినట్టు కనబడితే వాళ్లు ఏడుస్తారని తెలియనట్టుంటున్నా" అన్నారు.

చూశారా! వాళ్లు ఆవిడకోసం నటిస్తున్నారు, ఆవిడ వాళ్లకోసం. మధ్యలో చెప్పుకోవలసిన మాటలన్నీ మిగిలిపోయాయి. అమెరికాలో ఉన్న పెద్దకొడుకు, "ఉన్నట్టుండి వస్తే అమ్మకి అనుమానం వస్తుంది" అని ప్రయాణం వెనక్కి వెనక్కి జరిపాడు. ఆవిడ గురువారం పోయారు. అతను శనివారం దిగాడు. ప్రేమ లేక కాదు సుమా. ఆ ప్రేమకి భయం తోడైంది, అంతే.

మనిషి దగ్గర నిజాన్ని దాచడమంటే సిద్ధపడే హక్కుని దాచడమే. కతోలికుల్లో ఒకప్పుడు "అవస్థ అభ్యంగనం" అని, ఇక ఆశ లేదన్నప్పుడే గురువుగారు వచ్చి తైలం రాసేవారు. ఆయన గుమ్మంలో కనబడితేనే రోగి గుండె ఆగేది! రెండో వాటికన్ మహాసభ 1963లో దాన్ని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనడమే మేలని, చివరి నిమిషం దాకా ఆగనక్కరలేదని చెప్పింది. లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే భక్తురాలైన డాక్టరమ్మ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి తగ్గించాలి, నిజం దాచకూడదు, మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇదే ఆవిడ పట్టు. అందరికీ అన్నీ ఒకేసారి చెప్పేయమని కాదు. అడిగినవాళ్లకి అబద్ధం చెప్పకుండా, అడగనివాళ్లకి అడిగే ధైర్యం కలిగేలా పక్కన కూర్చుంటే చాలు.

మన ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాలి. బ్రదర్ భక్తసింగ్‌గారు 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, హైదరాబాదునే ఇల్లు చేసుకున్నారు. ఊళ్లు తిరిగి వేలమందికి బోధించిన మనిషి చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ జబ్బుతో మంచానికి పరిమితమై, 2000 సెప్టెంబరు 17న ఈ ఊళ్లోనే పోయారు. ఆయనకి నారాయణగూడ శ్మశానానికి సాగిన అంతిమయాత్ర గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ జనంకంటే ఆ మంచం ఎక్కువ గుర్తొస్తుంది. జీవితమంతా ఇచ్చినవాడు పుచ్చుకోవడం నేర్చుకోవలసిన చోటది. మరొకరి చేత అన్నం తినిపించుకోవడం, పక్క మార్పించుకోవడం. ఇల్లంతా తన చేతులమీద నడిపిన ఆడదానికి దీన్ని మించిన సాధన ఉందా?

ఇక నిత్యత్వం మాట. నాచారంనుంచి ఉప్పల్‌కి హబ్సిగూడ మీదుగా వస్తుంటే దారిలో భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్.జి.ఆర్.ఐ., తగులుతుంది. రాళ్ల వయసు లెక్కకట్టే శాస్త్రజ్ఞులుంటారక్కడ. మౌలాలీ గుట్టలాంటి మన హైదరాబాదు గ్రానైటు రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లట. ఆ లెక్క వింటే మన డెబ్బై ఎనభై ఏళ్లు పోపులో ఆవగింజ చిటపటమన్నంత సేపు కూడా కాదు. చిన్నప్పుడు నేను నిత్యత్వమంటే ఆ రాళ్ల వయసుకి ఇంకా ఎన్నో సున్నాలు చేర్చడమనుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, భయమేసేది. అంతకాలం ఏం చేస్తాం? ఎంత మంచి పాటలైనా పాడి పాడి విసుగు పుట్టదూ?

బోయెతియస్ అనే రోమను పండితుడు సుమారు 524లో, మరణశిక్షకి ఎదురుచూస్తూ చెరసాలలో దీనికి జవాబు రాసుకున్నాడు. నిత్యత్వమంటే అంతులేకుండా సాగే కాలం కాదు, జీవితం మొత్తం జారిపోకుండా ఒక్కసారే పూర్తిగా చేతికి రావడమని ఆయన చెప్పినదాని సారాంశం. మనకి ఏదీ పూర్తిగా చేతికి రాదు. పిల్లవాడి బోసినవ్వు చూస్తుండగానే పొయ్యిమీద పాలు పొంగుతాయి. అన్నం వడ్డిస్తూ సగం మాట వింటాం. నవ్వుతున్నప్పుడే ఇది అయిపోతుందని తెలుస్తుంది. ఏదీ జారిపోని, ఎవరి మాటా సగంలో తెగని ఒక సమక్షం ఉంటే? దాన్నే మావాళ్లు దేవుని సన్నిధి అంటారు. అది నిజమని రుజువు చూపించలేను. నమ్ముతాను. నమ్మనివాళ్లు కూడా ఒక పని చెయ్యవచ్చు, దాని రుచి ఇక్కడే కొంచెం చూడవచ్చు. ఎదుటి మనిషి మాట్లాడుతున్నప్పుడు గరిటె పక్కన పెట్టి, ఫోను బోర్లించి, మొత్తంగా వినడం.

కాబట్టి చీర దాచుకోండి, నామినీ పేరు రాయించుకోండి, పాటలూ ఎంచుకోండి. తప్పేమీ లేదు. వాటితోపాటు, మీకు కొన్నేళ్లుగా మాటల్లేని మనిషి పేరు ఒక్కటి మనసులోకి తెచ్చుకోండి. ఇది చదువుతుండగానే ఆ పేరు మీకు తట్టేసి ఉంటుంది. ఆ ఇంటికి ఏ ఆటో వెళుతుందో మీకు తెలిసే ఉంటుంది కదూ?